మిషెల్ ద మాంటేన్

మిషెల్ ద మాంటేన్ (ఫిబ్రవరి 28, 1533 - సెప్టెంబరు 13, 1592) పదహారవ శతాబ్దానికి చెందిన ప్రముఖ ఫ్రెంచి రచయిత, తత్త్వవేత్త, న్యాయాధికారి. వ్యాసం అనే సాహిత్య ప్రక్రియకు ఆద్యుడిగా ఇతడు ప్రసిద్ధి చెందాడు. ఇతడి ఏకైక బృహద్గ్రంథం "వ్యాసాలు" మొదటిసారి 1580లో వెలువడింది. ఇతడు రెండు పర్యాయాలు బోర్డో నగరానికి మేయరుగా కూడా పనిచేశాడు. పాండిత్య ప్రదర్శన కోసమో, పరీక్షల కోసమో కాక ఆనందం కోసం చదవాలని, ఏ పుస్తకం చదవాలో, దేనిని మధ్యలో వదిలివేయాలో నిర్ణయించే అధికారం పాఠకుడిదేనని బలంగా భావించిన తొలి ఐరోపా రచయితలలో ఇతడు ముఖ్యుడు. ఈ అభిప్రాయం ఇతడికి సిద్ధాంత చర్చల వలన కలిగినది కాదు. బాల్యం నుండి మరణం వరకు పుస్తకాలతో గడిపిన అనుభవం నుండి రూపుదిద్దుకున్నది.

కుటుంబము, బాల్యము

మాంటేన్ నైరుతి ఫ్రాన్సులో, బోర్డో నగరానికి తూర్పున పెరిగోర్ ప్రాంతంలో ఉన్న మాంటేన్ కోటలో జన్మించాడు. ఇతడి పూర్వీకులు బోర్డో రేవులో ద్రాక్షసారాయి, చేపలు మొదలగు సరుకుల వ్యాపారంతో ధనం గడించినవారు. ముత్తాత రామోన్ ఎకెమ్ 1477లో ఈ ఎస్టేటును కొనుగోలు చేశాడు. తండ్రి పియెర్ ఎకెమ్ ఇటలీ యుద్ధాలలో పాల్గొన్న సైనికుడు. తరువాత బోర్డో మేయరు అయ్యాడు. తల్లి ఆంత్వానెట్ ద లూప్ వంశానికి స్పెయిను దేశపు యూదు మూలాలు ఉన్నాయి.

పియెర్ స్వయంగా పండితుడు కాకపోయినా విద్య పట్ల అపారమైన గౌరవం కలవాడు. ఇటలీలో చూసిన కొత్త విద్యా పద్ధతుల ప్రభావంతో కొడుకు పెంపకంలో ఒక విచిత్రమైన ప్రయోగం చేశాడు. పసితనంలో బిడ్డను సమీప గ్రామంలోని ఒక పేద కుటుంబంలో పెంచడానికి ఇచ్చాడు. ఇంటికి తీసుకువచ్చిన తరువాత, ఫ్రెంచి భాష తెలియని ఒక జర్మను గురువుకు అప్పగించాడు. ఆ గురువు పిల్లవాడితో లాటిన్‌లో మాత్రమే మాట్లాడేవాడు. తల్లిదండ్రులు, నౌకర్లు కూడా పిల్లవాడి ఎదుట తమకు వచ్చిన నాలుగు లాటిన్ ముక్కలే పలకాలన్నది ఇంటి నియమం. చుట్టుపక్కల పల్లెలలో సైతం కొన్ని పనిముట్లకు లాటిన్ పేర్లు వాడుకలోకి వచ్చాయని మాంటేన్ తరువాతి కాలంలో వ్రాసుకున్నాడు. నిద్రలో ఉన్న పిల్లవాడిని హఠాత్తుగా లేపితే మెదడుకు మంచిది కాదన్న నమ్మకంతో రోజూ ఉదయం వాద్య సంగీతంతో మేల్కొలిపేవారు.

ఈ పెంపకం వలన, ఇతర పిల్లలు బెత్తం దెబ్బలతో నేర్చుకునే లాటిన్ భాష మాంటేన్‌కు మాతృభాష వలె అబ్బింది. పుస్తకాల విషయంలో ఇతడి జీవితం మలుపు తిరగడానికి ఇదే పునాది అయింది.

పాఠశాల, రహస్య పఠనము

సుమారు ఆరేళ్ళ వయసులో మాంటేన్‌ను బోర్డోలోని గియెన్ కళాశాలలో చేర్పించారు. అది అప్పట్లో ఫ్రాన్సులో అత్యుత్తమ విద్యాలయాలలో ఒకటిగా పేరుపొందింది. స్కాట్లాండు కవి జార్జి బుకానన్ వంటి పండితులు అక్కడ బోధించేవారు. అయినప్పటికీ ఆ చదువు మాంటేన్‌కు రుచించలేదు. వ్యాకరణ సూత్రాలు, వల్లెవేతలు, శిక్షలతో నిండిన బడి ఎంత గొప్పదైనా బడేనని, అక్కడ తన లాటిన్ మెరుగుపడకపోగా పాడయిందని అతడు అభిప్రాయపడ్డాడు.

ఏడెనిమిదేళ్ళ వయసులో ఇతడి చేతికి రోమన్ కవి ఓవిడ్ రచించిన రూపాంతర కథల కావ్యం దొరికింది. దేవతలు, మనుషులు, చెట్లుగా పక్షులుగా మారిపోయే పాత్రలు గల ఆ కథలు పిల్లవాడిని కట్టిపడేశాయి. లాటిన్ తనకు మాతృభాష కావున నిఘంటువు, వ్యాఖ్యానం అవసరం లేకుండా కథ కోసమే చదవగలిగాడు. మిగిలిన ఆటపాటలన్నీ మాని దొంగచాటుగా ఆ పుస్తకం చదివేవాడు. దాని తరువాత వర్జిల్ ఇనీడ్ కావ్యం, టెరెన్స్, ప్లాటస్‌ల ప్రహసనాలు, ఇటాలియన్ హాస్య నాటకాలు ఒకదాని వెంట ఒకటి చదివివేశాడు.

ఇక్కడ ఒక ఉపాధ్యాయుడి పాత్ర చెప్పుకోదగినది. పిల్లవాడు పాఠాలు వదలి కథలు చదువుతున్నాడని అతడికి తెలుసు. కాని తెలియనట్లు నటించాడు. విధిగా చదవవలసిన పాఠాల విషయంలో మాత్రం మృదువుగా హెచ్చరిస్తూ, చాటుగా సాగుతున్న పఠనాన్ని చూసీచూడనట్లు వదిలివేశాడు. దొంగతనంగా చదువుతున్నానన్న భావన వలన పిల్లవాడి ఆకలి మరింత పెరిగింది. ఆ ఉపాధ్యాయుడు మూర్ఖంగా అడ్డుకొని ఉంటే, అనేకమంది కులీన కుటుంబాల పిల్లల వలెనే తాను కూడా బడి నుండి పుస్తకాల పట్ల ద్వేషం ఒక్కటే తెచ్చుకొని ఉండేవాడినని మాంటేన్ సుమారు నలభై సంవత్సరాల తరువాత కృతజ్ఞతతో తలచుకున్నాడు.

పదమూడేళ్ళ వయసుకు మాంటేన్ ఆ కళాశాల చదువు పూర్తి చేశాడు. అక్కడ బుకానన్, మ్యూరే మొదలైనవారు రచించిన లాటిన్ విషాదాంత నాటకాలలో ప్రధాన పాత్రలు కూడా ధరించాడు.

ఉద్యోగము, స్నేహము

మాంటేన్ 1550లలో న్యాయశాఖలో ప్రవేశించాడు. 1557 నుండి బోర్డో పార్లమెంటులో సభ్యుడయ్యాడు. ఆనాటి ఫ్రాన్సులో పార్లమెంటు అంటే శాసనసభ కాదు, ఉన్నత న్యాయస్థానం. అక్కడే ఇతడికి ఎతియెన్ ద లా బొయెసీ (1530 - 1563)తో పరిచయం కలిగింది. లా బొయెసీ కవి, పండితుడు, నిరంకుశ పాలనను విమర్శిస్తూ స్వచ్ఛంద దాస్యంపై ప్రసిద్ధ గ్రంథం వ్రాసినవాడు. వీరి మైత్రి ఐరోపా సాహిత్యంలో ఆదర్శ స్నేహాలలో ఒకటిగా పేరుపొందింది.

ఆగస్టు 18, 1563న లా బొయెసీ జబ్బుపడి 32 ఏళ్ళకే మరణించాడు. చివరి రోజులలో మాంటేన్ అతడి పడక పక్కనే ఉన్నాడు. లా బొయెసీ తన పుస్తకాలను మాంటేన్‌కు వ్రాసి ఇచ్చాడు. మాంటేన్ గ్రంథాలయంలో గణనీయమైన భాగం ఈ విధంగా చేరినదే. అందువలన ఆ పుస్తకాలు అతడికి కేవలం సేకరణ కాదు, పోయిన మిత్రుడి జ్ఞాపకం కూడా. 1571 నాటికి అతడు లా బొయెసీ కవితలు, అనువాదాలు కొన్నింటిని అచ్చువేయించాడు.

1565లో మాంటేన్‌కు ఫ్రాన్స్వాజ్ ద లా షసేన్‌తో వివాహం జరిగింది. ఆరుగురు కుమార్తెలు పుట్టగా, లెయొనోర్ ఒక్కతే బ్రతికి పెద్దదయింది. 1568లో తండ్రి చనిపోయాడు. మరణానికి కొంతకాలం ముందు తండ్రి, రేమండ్ సెబాండ్ రచించిన ఒక లాటిన్ మతగ్రంథాన్ని ఫ్రెంచిలోకి అనువదించమని కొడుకును కోరాడు. అది మాంటేన్ తనకుతాను ఎంచుకునే రకం పుస్తకం కాదు. అయినా తండ్రి మాట మన్నించి ఆ పెద్ద గ్రంథాన్ని అనువదించి 1569లో ప్రచురించాడు. తరువాత ఇతడి వ్యాసాలలో అన్నింటికంటె పెద్దదైన వ్యాసం పేరుకు సెబాండ్ సమర్థనే అయినా, నిజానికి మానవ జ్ఞానానికి గల పరిమితులపై సుదీర్ఘ విచారణ.

బురుజులోని గ్రంథాలయము

1570లో మాంటేన్ న్యాయస్థానంలోని తన పదవిని విక్రయించి ఎస్టేటుకు తరలివచ్చాడు. ఫిబ్రవరి 28, 1571న, తన 38వ పుట్టినరోజున, గ్రంథాలయాన్ని ఆనుకొని ఉన్న చిన్న గది గోడపై ఒక లాటిన్ శాసనం వ్రాయించాడు. రాజసేవతోను, ప్రభుత్వ బాధ్యతలతోను అలసిపోయి, మిగిలిన జీవితాన్ని స్వేచ్ఛకు, ప్రశాంతతకు, తీరికకు అంకితం చేసి సరస్వతీ సన్నిధికి చేరుతున్నట్లు దాని సారాంశం.

కోట మూలలో ఉన్న గుండ్రటి బురుజును అతడు తన నివాసంగా చేసుకున్నాడు. క్రింది అంతస్తులో ప్రార్థనా మందిరం, దానిపై పడకగది, అన్నింటికంటె పైన గ్రంథాలయం ఉండేవి. అంతకుముందు అది ఇంటిలో ఎందుకూ పనికిరాని సామాన్ల గది. గుండ్రటి గోడ వెంబడి అయిదు వరుసల అరలలో సుమారు వేయి పుస్తకాలు అమర్చబడ్డాయి. ఒక వ్యక్తి స్వంత సేకరణగా ఆ కాలానికి ఇది పెద్ద సంఖ్య. గది వ్యాసం పదహారు అడుగుల నడక. కుర్చీలో కూర్చుంటే పుస్తకాలన్నీ ఒక్క చూపులో కనబడేవి. మూడు వైపుల కిటికీల నుండి తోట, పెరడు, ఇంటి వాకిలి కనబడేవి. పైకప్పు దూలాలపై గ్రీకు, లాటిన్ సూక్తులు అరవైకి పైగా వ్రాయించాడు. వాటిలో అధిక భాగం మనిషికి తెలిసినది ఎంత స్వల్పమో గుర్తుచేసేవే.

ఆ గది ఎత్తైన చోట గాలికి గురవుతూ ఉండేది కావున చలికాలంలో కష్టంగా ఉండేది. అప్పుడు పొయ్యి గల పక్కగదిని వాడుకునేవాడు. రాత్రి వేళ గ్రంథాలయంలో గడిపేవాడు కాదు. కూర్చుంటే ఆలోచనలు నిద్రపోతాయని, కాళ్ళు కదిలితేనే మనసు కదులుతుందని అతడి నమ్మకం. గదికి ఇరుపక్కల నడవడానికి పొడవైన వసారాలు కట్టించాలని కోరిక ఉన్నా, ఖర్చు కంటె ఆ పనుల గొడవకు జంకి మానుకున్నాడు.

పుస్తకాల ఎంపిక

"వ్యాసాలు" రెండవ సంపుటంలో పుస్తకాల గురించిన వ్యాసంలోను, మూడవ సంపుటంలో మూడు రకాల సాంగత్యాలను గురించిన వ్యాసంలోను మాంటేన్ తన పఠనాన్ని వివరంగా వర్ణించాడు. పుస్తకాలలో తాను వెదికేది నిర్దోషమైన వినోదాన్ని, అది కాకుంటే తనను తాను తెలుసుకొని బాగా బ్రతకడానికి, బాగా మరణించడానికి ఉపకరించే జ్ఞానాన్ని మాత్రమేనని అతడు పేర్కొన్నాడు.

కేవలం ఆహ్లాదం కోసం చదివే పుస్తకాలలో బొకాచియో కథలు, రాబెలే రచనలు, జొహాన్నెస్ సెకుండస్ శృంగార కవితలు అతడికి నచ్చినవి. ఆనాడు ఐరోపా అంతటా పిల్లలు, పెద్దలు ఎగబడి చదివిన అమాడిస్ వీరగాథలు మాత్రం బాల్యంలో కూడా అతడిని ఆకర్షించలేదు. కవులలో వర్జిల్, లుక్రీషియస్, కాటులస్, హోరేస్‌లకు అగ్రస్థానం ఇచ్చాడు. వర్జిల్ రచనలలో వ్యవసాయంపై వ్రాసిన కావ్యం అత్యంత పరిపూర్ణమైనదని తలచాడు.

ప్రయోజనం, ఆనందం కలిసిన పుస్తకాలలో ప్లూటార్క్, సెనెకా అతడికి ప్రాణం. వీరి రచనలు విడివిడి భాగాలుగా ఉంటాయి కావున ఎక్కడ తెరచినా చదువుకోవచ్చునని, ఎక్కడైనా ఆపవచ్చునని దానికి కారణం చెప్పాడు. మాంటేన్‌కు గ్రీకు భాష అంతగా రాదు. ప్లూటార్క్‌ను జాక్ అమ్యో ఫ్రెంచి అనువాదాలలో (జీవిత చరిత్రలు 1559, నీతి రచనలు 1572) చదివాడు. అనువాద ప్రతిభ కంటె కూడా, అంతటి ఉత్తమ గ్రంథాన్ని ఎంపిక చేసి దేశానికి అందించినందుకు అమ్యోను ఎక్కువగా అభినందించాడు.

చరిత్ర గ్రంథాలంటే అతడికి ప్రత్యేకమైన మక్కువ. మనిషి స్వభావం అన్నింటికంటె సజీవంగా కనబడేది అక్కడేనని అతడి భావన. అందులోను సంఘటనల కంటె మనుషుల అంతరంగాన్ని చిత్రించే జీవిత చరిత్రలను ఇష్టపడ్డాడు.

అందరూ మెచ్చుకునే రచయితలైనా తనకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పడానికి మాంటేన్ వెనుకాడలేదు. ఇందుకు సిసిరో మంచి ఉదాహరణ. లాటిన్ విద్యకంతటికీ ప్రమాణంగా నాటి పండితులు ఆరాధించే సిసిరో తాత్త్విక రచనలు తనకు విసుగు పుట్టిస్తాయని, పీఠికలు, నిర్వచనాలు, విభజనలతోనే సగం పుస్తకం అయిపోతుందని, గంటసేపు చదివినా చేతికి చిక్కే సారం స్వల్పమని వ్రాశాడు. అదే సిసిరో మిత్రుడు అట్టికస్‌కు వ్రాసిన లేఖలను మాత్రం ఇష్టంగా చదివాడు. రచయిత స్వభావం వాటిలో తెలుస్తుందని దానికి కారణం.

వయసుతో పాటు అభిరుచి మారడాన్ని కూడా అతడు దాచలేదు. బాల్యంలో తనను పుస్తకాల ప్రపంచంలోకి తీసుకువచ్చిన ఓవిడ్ పెద్దతనంలో తనకు అంతగా రుచించడం లేదని చెప్పాడు. తన తీర్పులు ఆ పుస్తకాల విలువకు కొలత కావని, తన చూపు ఎంతవరకు పోతుందో తెలిపే కొలత మాత్రమేనని వివరించాడు.

పఠన పద్ధతి

మాంటేన్ ఒక క్రమం, ప్రణాళిక లేకుండా చదివేవాడు. ఒకసారి ఒక పుస్తకం, మరొకసారి మరొకటి తిరగవేస్తూ, మధ్యలో పచార్లు చేస్తూ, తోచిన ఊహలను వ్రాయిస్తూ పగటి వేళలు గడిపేవాడు. కఠినమైన భాగం ఎదురైతే ఒకటి రెండుసార్లు ప్రయత్నించి వదిలివేసేవాడు. బలవంతంగా పట్టి కూర్చుంటే బుద్ధి మసకబారుతుందని, వదలి మళ్ళీ తాజాగా చూస్తేనే వెలుగు కనబడుతుందని అతడి అనుభవం. ఒక పుస్తకం విసుగు పుట్టిస్తే మరొకటి అందుకునేవాడు. గత ఇరవై ఏళ్ళలో ఒకే పుస్తకంపై వరుసగా ఒక గంట గడిపి ఎరుగనని, ఒక మిత్రుడి ప్రోద్బలంతో చదివిన టాసిటస్ చరిత్ర మాత్రం ఏకబిగిన పూర్తి చేశానని ఒక వ్యాసంలో చెప్పుకున్నాడు. తెల్లని కాగితం కళ్ళకు శ్రమ కలిగించకుండా పేజీపై గాజు పలక పెట్టి చదివే అలవాటు కూడా కొంతకాలం ఉండేది.

జ్ఞాపకశక్తి తక్కువని అతడు తరచు ఫిర్యాదు చేసేవాడు. కొన్నేళ్ళ క్రితం శ్రద్ధగా చదివి గీతలు గీసిన పుస్తకాన్ని కొత్తదనుకొని మళ్ళీ చేతిలోకి తీసుకోవడం పలుమార్లు జరిగింది. దీనికి ఉపాయంగా, చదవడం పూర్తయిన ప్రతి పుస్తకం చివర ఆ తేదీని, ఆ రచయితపై తనకు కలిగిన అభిప్రాయాన్ని క్లుప్తంగా వ్రాసి ఉంచడం మొదలుపెట్టాడు. ఇటలీ చరిత్రకారుడు గ్విచ్చార్దీని, ఫ్రెంచి చరిత్రకారుడు కొమీన్ మొదలైనవారిపై అలా వ్రాసుకున్న అభిప్రాయాలను తన గ్రంథంలో చేర్చాడు.

ఇంత నిర్లక్ష్యంగా చదివేవాడినని అతడు చెప్పుకున్నప్పటికీ, లభ్యమైన ఆధారాలు మరొక విషయాన్ని తెలుపుతున్నాయి. 1563లో ముద్రితమైన లుక్రీషియస్ కావ్యం ప్రతి ఒకటి 1989లో బయటపడింది. అది మాంటేన్ స్వంత ప్రతి అని చేతివ్రాతను బట్టి పండితులు గుర్తించారు. ప్రస్తుతం అది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. చదవడం పూర్తయిన తేదీ అక్టోబరు 16, 1564 అని అందులో ఉంది. ఆ కఠినమైన తాత్త్విక కావ్యం అంచులు, ఖాళీ పుటలు లాటిన్, ఫ్రెంచి వ్యాఖ్యలతో నిండి ఉన్నాయి. 1578లో చదివిన జూలియస్ సీజరు గ్రంథం ప్రతిలో కూడా ఇటువంటి వ్యాఖ్యలే విస్తారంగా ఉన్నాయి. నచ్చని పుస్తకాన్ని వెంటనే వదిలివేసిన ఈ పాఠకుడు, నచ్చిన పుస్తకాన్ని ఏ పండితుడికీ తీసిపోని శ్రద్ధతో చదివాడని దీనివలన తెలుస్తున్నది.

యవ్వనంలో గొప్ప కోసం, తరువాత వివేకం కోసం, చివరకు సరదా కోసం చదివానని మాంటేన్ తన పఠన జీవితాన్ని మూడు దశలుగా విభజించాడు. స్నేహం దొరకడం అరుదు, శృంగారం వయసుతో పోతుంది, పుస్తకాలు మాత్రం జీవితాంతం తోడుంటాయని అతడి అభిప్రాయం. యుద్ధానికైనా, ప్రయాణానికైనా పుస్తకాలు లేకుండా బయలుదేరేవాడు కాదు. వాటిని నెలల తరబడి తెరవకపోయినా, కావలసినప్పుడు దగ్గర ఉన్నాయన్న భావనే తృప్తినిచ్చేది. ఆయితే పుస్తకాలలో మునిగితే శరీరం కదలిక లేక క్షీణిస్తుందని, ఆరోగ్యాన్ని పోగొట్టుకొని చదవడం మంచిది కాదని హెచ్చరించాడు.

విద్యపై అభిప్రాయాలు

పిల్లల విద్యను గురించిన వ్యాసాన్ని మాంటేన్ గర్భవతిగా ఉన్న ఒక కులీన స్త్రీకి అంకితం చేశాడు. పిల్లల చెవులలో గరాటుతో పోసినట్లు పాఠాలు నింపడాన్ని, అర్థం కాని మాటలను కంఠస్థం చేయించడాన్ని అందులో తీవ్రంగా ఖండించాడు. తేనెటీగ పలు పూల నుండి సేకరించినదానిని తన స్వంత తేనెగా మార్చుకున్నట్లు, విద్యార్థి చదివినదానిని తనదిగా చేసుకోవాలని సూచించాడు. గురువు ముందుగా శిష్యుడి అభిరుచిని గమనించాలని, ఎంపిక చేసుకునే అవకాశం వానికి ఇవ్వాలని చెప్పాడు. దెబ్బలతో నేర్పిన విద్య పుస్తకాలు మోసే గాడిదలను మాత్రమే తయారు చేస్తుందని అతడి విమర్శ. బాల్యంలో తన దొంగ చదువును చూసీచూడనట్లు వదిలిన ఉపాధ్యాయుడి ప్రస్తావన వచ్చేది కూడా ఈ వ్యాసంలోనే.

"వ్యాసాలు" గ్రంథ రచన

ఎస్టేటుకు వచ్చిన కొత్తలో మాంటేన్ ఆశించిన ప్రశాంతత లభించలేదు. పని లేని మనసు కళ్ళెం లేని గుర్రం వలె పరుగులు పెట్టసాగింది. ఆ వింత ఊహలను కాగితంపై పెట్టడం సుమారు 1572లో మొదలయింది. అదే సంవత్సరం ఆగస్టులో పారిస్‌లో వేలాది ప్రొటెస్టెంట్ల ఊచకోత జరిగింది. 1562లో మొదలైన మతయుద్ధాలు మాంటేన్ జీవితకాలంలో ముగియలేదు. పొరుగువారు కోటలను పటిష్ఠం చేసుకుంటుండగా, మాంటేన్ ఒక ముసలి ద్వారపాలకుడు తప్ప కాపలా లేకుండా తన ఇంటిని ఉంచాడు.

తొలి వ్యాసాలు ప్రాచీన గ్రంథాల నుండి సేకరించిన ఉదాహరణలపై చిన్న వ్యాఖ్యలు. క్రమంగా అతడు తానే తన గ్రంథానికి వస్తువు అయ్యాడు. లాటిన్ మాతృభాష అయినప్పటికీ పండితుల కోసం కాక సామాన్య పాఠకుల కోసం ఫ్రెంచిలోనే వ్రాశాడు. గ్రంథానికి పెట్టిన "ఎసే" అన్న ఫ్రెంచి పేరుకు ప్రయత్నం, పరీక్ష అని అర్థం. ఇతరుల నుండి తీసుకున్న భావాలకు పలుచోట్ల కావాలనే మూలకర్త పేరు చెప్పలేదు. తొందరపడి తనను నిందించే విమర్శకులు తెలియకుండా ప్లూటార్క్‌నో, సెనెకానో నిందించి నవ్వులపాలవుతారని ఇందులోని చమత్కారం. మొదటి రెండు సంపుటాలు 1580లో బోర్డోలో సిమోన్ మిలాంజ్ ముద్రణాలయం నుండి వెలువడ్డాయి.

ఇటలీ యాత్ర, గ్రంథ పరీక్ష

1578 నుండి మాంటేన్ మూత్రపిండాలలో రాళ్ళ వ్యాధితో బాధపడ్డాడు. తండ్రి కూడా ఈ వ్యాధితోనే బాధపడి మరణించాడు. వేడినీటి ఊటలలో చికిత్స కోసం, లోకం చూడాలన్న కోరికతో 1580లో బయలుదేరి జర్మనీ, స్విట్జర్లాండు, ఆస్ట్రియాల మీదుగా ఇటలీ చేరుకున్నాడు.

1580 నవంబరు చివర రోము నగరంలో ప్రవేశించేటప్పుడు సుంకం అధికారులు ఇతడి పెట్టెలోని పుస్తకాలన్నింటిని పరీక్ష కోసం తీసుకున్నారు. వాటిలో అప్పుడే అచ్చయిన "వ్యాసాలు" కూడా ఉంది. నాలుగు నెలల తరువాత, 1581 మార్చిలో, మతాధికారులు దానిని తిరిగి ఇస్తూ కొన్ని అభ్యంతరాలు తెలిపారు. అదృష్టం అనే మాటను తరచు వాడడం, మతద్రోహులుగా భావింపబడే కవులను పేర్కొనడం, క్రైస్తవాన్ని విడిచిన రోమన్ చక్రవర్తి జూలియన్‌ను సమర్థించడం వాటిలో ముఖ్యమైనవి. దిద్దుబాటును రచయిత విచక్షణకే వదిలారు. మాంటేన్ ఆ భాగాలను దాదాపు యథాతథంగా ఉంచాడు. స్విస్ దేశ చరిత్ర పుస్తకాన్ని మాత్రం, దాని అనువాదకుడు మతద్రోహి అన్న కారణంతో, అధికారులు తిరిగి ఇవ్వలేదు.

అదే నెలలో వాటికన్ గ్రంథాలయాన్ని దర్శించి తనకు ఇష్టమైన సెనెకా, ప్లూటార్క్, వర్జిల్‌ల వ్రాతప్రతులను చూశాడు. రోములో స్థిరపడిన తన పాత గురువు మ్యూరేతో ఒక విందులో అమ్యో అనువాదాల నాణ్యతపై చర్చ జరుగగా, మాంటేన్ అమ్యో పక్షాన వాదించాడు.

మేయరు పదవి, చివరి సంవత్సరాలు

1581 సెప్టెంబరులో ఇటలీలోని లుక్కా సమీపంలో ఉండగా తనను బోర్డో మేయరుగా ఎన్నుకున్నట్లు వార్త అందింది. ఇష్టం లేకపోయినా రాజాజ్ఞ మేరకు స్వీకరించి, 1583లో తిరిగి ఎన్నికై 1585 వరకు పనిచేశాడు. కాథలిక్ రాజు మూడవ హెన్రీకి, ప్రొటెస్టెంట్ నాయకుడు నవార్ రాజు హెన్రీకి మధ్య సంధానకర్తగా వ్యవహరించాడు. పదవీకాలం ముగిసే సమయంలో బోర్డోలో ప్లేగు వ్యాపించింది. అది మాంటేన్ ఎస్టేటుకు కూడా ప్రాకడంతో కుటుంబంతో సహా ఇల్లు విడిచి సుమారు ఆరు నెలలు సంచార జీవితం గడిపాడు.

1588లో మూడవ సంపుటంతో కూడిన కొత్త ముద్రణ పారిస్‌లో వెలువడింది. ఆ ఏడు జూలైలో రాజు వ్యతిరేకులు ఇతడిని బాస్తీల్ కారాగారంలో నిర్బంధించారు. రాజమాత కాథరీన్ జోక్యంతో అదే రోజు విడుదలయ్యాడు. ఆ పారిస్ పర్యటనలోనే మారీ ద గుర్నే (1565 - 1645) అనే యువతి ఇతడిని కలుసుకున్నది. ఎవరి సహాయం లేకుండా స్వయంగా లాటిన్ నేర్చుకున్న ఆమె, కొన్నేళ్ళ ముందు "వ్యాసాలు" చదివి, ఆ ఉద్వేగం చల్లారడానికి ఇంటివారు మందు ఇవ్వవలసినంతగా చలించిపోయింది. మాంటేన్ ఆమెను దత్తపుత్రిక వలె ఆదరించాడు.

చివరి నాలుగేళ్ళు మాంటేన్ తన గ్రంథం 1588 ప్రతి అంచులలో కొత్త వాక్యాలు చేర్చుతూ గడిపాడు. గొంతు వ్యాధితో మాట పడిపోయి, సెప్టెంబరు 13, 1592న, 59 ఏళ్ళ వయసులో స్వగృహంలో మరణించాడు. అంచుల చేర్పులతో కూడిన పాఠాన్ని మారీ ద గుర్నే 1595లో ప్రచురించింది. చేతివ్రాత గల ఆ ప్రతి నేడు బోర్డో నగర గ్రంథాలయంలో ఉంది.

గ్రంథాలయం తరువాతి చరిత్ర

మాంటేన్ పుస్తకాలు అతడి తరువాత చెల్లాచెదురయ్యాయి. వేయింటిలో సుమారు నూరు మాత్రమే వివిధ గ్రంథాలయాలలో గుర్తింపబడ్డాయి. 1885లో అగ్నిప్రమాదంలో కోటలోని ప్రధాన భవనం కాలిపోయింది. బురుజు మాత్రం నిలిచింది. అరలు, పుస్తకాలు లేకపోయినా దూలాలపై సూక్తులు నేటికీ కనబడుతున్నాయి. మాంటేన్ ఏయే పుస్తకాలను ఏ కాలంలో చదివాడో పరిశోధించి పియెర్ విల్లే 1908లో విపులమైన గ్రంథం ప్రచురించాడు. విల్లే బాల్యం నుండి అంధుడు కావడం విశేషం.

ప్రభావము, విమర్శ

ఫ్రాన్సిస్ బేకన్ 1597లో తన ఆంగ్ల రచనలకు మాంటేన్ వాడిన పేరునే పెట్టాడు. జాన్ ఫ్లోరియో ఆంగ్లానువాదం 1603లో వచ్చింది. షేక్‌స్పియర్ "టెంపెస్ట్" నాటకంలో ఒక భాగానికి ఈ అనువాదమే ఆధారం. ఆంగ్లంలో బేకన్, ఎడిసన్‌ల చేతులలో పెరిగిన ఈ ప్రక్రియ తరువాత తెలుగులోకి కూడా వచ్చింది. పానుగంటి లక్ష్మీనరసింహారావు "సాక్షి" వ్యాసాలకు ఎడిసన్ "స్పెక్టేటర్" ప్రేరణ అన్నది ప్రసిద్ధమే. వర్జీనియా వూల్ఫ్ 1925లో వెలువరించిన "కామన్ రీడర్" సంపుటిలో మాంటేన్‌పై ఒక వ్యాసం ఉంది. పేజీలు దాటవేయడం, పుస్తకాన్ని పూర్తి చేయకుండా వదలడం పాఠకుడి హక్కులని 1992లో ఫ్రెంచి రచయిత డానియెల్ పెన్నాక్ ప్రతిపాదించినవి మాంటేన్ నాలుగు వందల ఏళ్ళ ముందే ఆచరించినవే.

విమర్శ కూడా తక్కువేమీ కాదు. తనను గురించి తాను అంతగా వ్రాసుకోవడాన్ని పాస్కల్ నిరసించాడు. 1676లో కాథలిక్ చర్చి "వ్యాసాలు" గ్రంథాన్ని నిషిద్ధ జాబితాలో చేర్చింది. ఎస్టేటు ఆదాయం, నౌకర్లు, వేయి పుస్తకాలు, బాల్యంలోనే అబ్బిన లాటిన్ ఉన్నవాడికి మాత్రమే ఇటువంటి స్వేచ్ఛా పఠనం సాధ్యమన్న ఆక్షేపణ సమంజసమైనదే. కాని ఆ స్వేచ్ఛకు మూలం బురుజు కాదు. అద్దెకు గాని, ఎరువుకు గాని దొరికే ఒక్క కథల పుస్తకం, దానిని లాక్కోని ఒక ఉపాధ్యాయుడు చాలునని అతడి బాల్య వృత్తాంతం తెలుపుతుంది.

రచనలు

రేమండ్ సెబాండ్ గ్రంథానికి ఫ్రెంచి అనువాదం (1569)
వ్యాసాలు, మొదటి రెండు సంపుటాలు (1580)
వ్యాసాలు, మూడు సంపుటాలు (1588)
వ్యాసాలు, మరణానంతర ముద్రణ (1595)
యాత్రా దినచర్య (వ్రాతప్రతి 1770లో మాంటేన్ కోటలోని ఒక పాత పెట్టెలో దొరికింది, ముద్రణ 1774)